అడగడం నేర్పండి, జవాబు చెప్పే మనిషినీ నిలబెట్టండి

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మకు అరవై నాలుగేళ్ళు. రుమటాయిడ్ కీళ్ళవాతానికి మూడేళ్ళుగా మెథోట్రెక్సేట్ మాత్ర వాడుతోంది. వారానికి ఒక్కసారే, ఆదివారం వేసుకునేది. ఈమధ్య జ్వరం, ఆయాసం వస్తే ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో పాత మందులన్నీ మళ్ళీ రాశారు. ఈ మాత్ర ఎదురుగా ‘రోజుకు ఒకటి’ అని ఉంది. అమ్మ అక్కడే అడిగింది, ‘ఇది నేను ఆదివారాలే కదమ్మా వేసుకునేది?’ అని. మందులు వివరిస్తున్న అమ్మాయి కాగితం వైపు ఓసారి చూసి, ‘డాక్టరు గారు ఎలా రాస్తే అలా వేసుకోండమ్మా’ అంది. మందుల షాపులోనూ అలాగే ఇచ్చారు. తొమ్మిదో రోజుకు నోరంతా పుండ్లు. మంచినీళ్ళు కూడా మింగలేకపోయింది. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయన్నారు. ఐసీయూలో పెట్టి, విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి బతికించారు.

ఇప్పుడు ఇంట్లో తలా ఒక మాట. తమ్ముడు ఆ అమ్మాయి మీద, ఆసుపత్రి మీద కేసు పెట్టాలంటాడు. నాన్నగారు, గండం గడిచింది, వదిలేయమంటారు. నేను మాత్రం ఇది ఇంకొకరికి జరగకూడదని, బంధువులంతా తలా కొంత వేసుకుని పోగుచేసిన డబ్బుతో జనంలో అవగాహన తెచ్చే పని ఏదైనా చేద్దామనుకుంటున్నాను. కరపత్రాలు, సభలు, బడుల్లో మాట్లాడటం లాంటివి. కానీ మా ఆయన, ‘మీ అమ్మ అడిగింది కదా, ఏమైంది? ఇది అవగాహన లేక జరిగిందా?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. జనాన్ని భయపెట్టి ఆసుపత్రులకు దూరం చేస్తానేమోనని కూడా ఉంది. ఈ డబ్బు దేనికి పెట్టాలి? ప్రభుత్వాన్ని నిధులు అడగడం మాలాంటి వాళ్ళ వల్ల అయ్యే పనేనా? అమ్మ ఇప్పుడు ఏ మాత్ర చూసినా వణికిపోతోంది.

ఒక కూతురు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒక్క వాక్యం నన్ను వదలడం లేదు. ‘ఇది నేను ఆదివారాలే కదమ్మా వేసుకునేది?’ మీ అమ్మగారు అడగాల్సిన చోట, అడగాల్సిన సమయంలో, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఏ అవగాహన సభ అయినా ఇంతకంటే మంచి ప్రశ్న నేర్పలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మే అడిగింది, అయినా అందలేదు. మీవారి ప్రశ్న గట్టిది. దానికి నా జవాబు ఇది: ఆ రోజు తప్పింది ప్రశ్న కాదు, జవాబు. ఆ కాగితం పక్కన పెట్టి, ‘ఒక్క నిమిషం కూర్చోండమ్మా, కనుక్కుని వస్తాను’ అనే తీరిక, చదువు, అధికారం ఉన్న మనిషి అక్కడ లేరు. అందుకే మీ డబ్బైనా, ప్రజల డబ్బైనా, జనానికి అడగడం నేర్పడానికి ఎంత పెడతారో, అడిగినప్పుడు ఆగి చూసి జవాబు చెప్పే మనిషి అక్కడ ఉండేలా చేయడానికి అంతకంటే ఎక్కువ పెట్టాలి. నా సలహా అంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ తప్పు ఏయే చేతులు దాటి వచ్చిందో చూడండి. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు ఎవరో మీ అమ్మగారి పాత మందుల పట్టీ రాసుకున్నారు. మాత్రల్లో ఎక్కువ భాగం రోజూ వేసుకునేవే కాబట్టి చేయి అలవాటుగా ‘రోజుకు’ అని రాసేస్తుంది. కంప్యూటరైతే ముందుగానే ‘రోజుకు’ అని నింపి పెట్టి ఉంచుతుంది, మార్చడం మర్చిపోతే అదే నిలిచిపోతుంది. ఆ పట్టీ కేస్ షీటులోకి, అక్కడి నుంచి డిశ్చార్జి కాగితంలోకి దిగింది. సంతకం పెట్టిన డాక్టరు జ్వరం సంగతి చూసుకుని ఉంటారు, కీళ్ళ మందు మీద కన్ను పడి ఉండదు. మందులు వివరించిన అమ్మాయి చేతిలో ఉన్నది ఆ కాగితమొక్కటే. షాపులో చీటీ చూసి ఇచ్చారు. తిలా పాపం తలా పిడికెడు. వీళ్ళలో ఏ ఒక్కరు ఆగినా ఆ మాత్ర మీ అమ్మగారి నోట్లోకి వెళ్ళేది కాదు. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ పొరపాట్ల మీద జీవితమంతా పనిచేసి తేల్చిందీ ఇదే. పెద్ద ప్రమాదం ఒక చెడ్డ మనిషి వల్ల కాదు, వరుసగా ఉన్న చిన్న చిన్న ఖాళీలన్నీ ఒకే రోజు ఒకే గీత మీదకు రావడం వల్ల జరుగుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఈ మందు విషయంలో ఈ పొరపాటు కొత్తది కాదు. వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుని ఎముకల మూలుగ దెబ్బతిని చనిపోయినవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఇంగ్లండ్‌లో ‘జరగనే కూడని ఘటనలు’ అని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ వేసిన జాబితాలో, క్యాన్సర్ కాని జబ్బులకు ఈ మందు మోతాదు మించడం కూడా ఒకటి. 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీని మీద ప్రత్యేకంగా చర్యలు ప్రకటించింది: పెట్టె మీద వారానికి ఒకసారే అన్న హెచ్చరిక స్పష్టంగా కనబడాలి, రోగి చేతికి ఒక కార్డు ఇవ్వాలి, మాత్రలు సీసాలో కాకుండా స్ట్రిప్పుల్లో రావాలి. అమెరికాలో మందుల పొరపాట్ల మీద పనిచేసే ఐఎస్ఎంపీ అనే సంస్థ ఆసుపత్రులకు ఎప్పటి నుంచో చెబుతున్నది మరీ సులువైన పని. కంప్యూటర్లో ఈ మందు పేరు కొట్టగానే ‘వారానికి ఒకసారి’ అనే రావాలి. ఎవరైనా ‘రోజూ’ అని మారిస్తే, ఏ జబ్బుకో చెప్పందే ముందుకు పోనివ్వకూడదు. అంటే మందు తెలుసు, తప్పు తెలుసు, అడ్డుకట్టా తెలుసు. తెలిసిన అడ్డుకట్ట మీ అమ్మగారి మంచం దాకా రాలేదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పనికి డబ్బు అక్కర్లేదు. ఆసుపత్రి పెద్దలకు ఉత్తరం రాయండి. ఎవరిని శిక్షిస్తారని అడగకండి, ఏం మార్చారని అడగండి. మీ దగ్గర వారానికి ఒకసారి వేసుకునే మందు రాసేటప్పుడు వారంలో ఏ రోజో రాయడం తప్పనిసరి చేశారా? కంప్యూటర్ ‘రోజుకు’ అని తనంతట తాను నింపడం ఆపారా? ఇంటికి పంపే ముందు పాత మందుల పట్టీని, కొత్త కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూసే ఫార్మసిస్టు ఉన్నారా, ఉంటే సెలవు రోజుల్లో కూడా ఉంటారా? ‘ఇది తేడాగా ఉంది’ అని రోగి అంటే, వివరించే వ్యక్తి ఎవరికి ఫోన్ చేయాలి? ఈ నాలుగో ప్రశ్నకు మాటలతో సరిపెట్టుకోకుండా నంబరు చెప్పమనండి. రాతపూర్వకంగా జవాబు కోరండి. కూర్చుని మాట్లాడదామంటే వెళ్ళండి, మీవారిని కూడా తీసుకెళ్ళండి. ఆయన ప్రశ్నలు సూటిగా ఉన్నాయి.

ఇక మీ తమ్ముడి మాట. ఆయన కోపం న్యాయమైనది, కేసు వేయడం మీ కుటుంబం హక్కు. ఆ దారిలో వెళ్ళాలనుకుంటే ఆలస్యం చేయకండి. కేస్ షీటు నకళ్ళు ఇప్పుడే అడిగి తీసుకోండి, ఆ డిశ్చార్జి కాగితం అసలుది భద్రపరచండి, గడువుల సంగతి న్యాయవాదిని అడగండి. కానీ ఆ అమ్మాయిని జైలుకు పంపితే ఇంకొకరికి ఇలా జరగదని మాత్రం ఆయన అనుకోవద్దు.

అమెరికాలోని టెన్నెస్సీలో ఒక నర్సు మత్తుమందు బదులు కండరాలను స్తంభింపజేసే మందు ఇవ్వడంతో రోగి చనిపోయారు. హెచ్చరికలు దాటి వెళ్ళింది, సీసా మీద పేరు సరిగా చూసుకోలేదు. అవి చిన్న తప్పులు కావు. అయితే తన తప్పు తానే వెంటనే చెప్పింది కూడా. 2022లో కోర్టు ఆమెను నేరస్థురాలిగా తేల్చి, జైలుకు పంపకుండా మూడేళ్ళు పర్యవేక్షణలో ఉంచే ప్రొబేషన్ విధించింది. అప్పుడు నర్సుల సంఘాలు ఈ మాట అన్నాయి: ఇకమీదట తప్పు జరిగితే ఎవరు నోరు విప్పుతారు? ఆ భయం నిజమైనది. దాచిన తప్పు నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. డెన్మార్క్ ఇందుకు వేరే దారి పట్టింది. 2004 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అక్కడ ఆసుపత్రి సిబ్బంది పొరపాట్లను తప్పనిసరిగా నివేదించాలి, నివేదించినందుకు శిక్ష ఉండదు. 2011 నుంచి రోగులు, వాళ్ళ కుటుంబాలు కూడా నేరుగా నివేదించవచ్చు. పరిహారం ఒక దారి, నేర్చుకోవడం ఇంకొక దారి. రెండూ నడవాలి. ఒకదాని కోసం ఇంకొకటి మూసేయకూడదు.

ఆ అమ్మాయి సంగతి నాకు ఇంకోలా కనబడుతుంది. ‘డాక్టరు గారు ఎలా రాస్తే అలా’ అనడం ఆమెకు ఎవరో నేర్పిన మాట. డాక్టరు రాసినదాన్ని ప్రశ్నిస్తే ఏమవుతుందో ఆమెకు తెలిసే ఉంటుంది. మీ అమ్మగారికి అడిగే ధైర్యం ఉంది, ఆ అమ్మాయికి లేదు. ఆమెకు ఆ ధైర్యం ఇవ్వడం ఆసుపత్రి పని. దానికి శిక్షణ కావాలి, తీరిక కావాలి. వాటికి డబ్బు కావాలి.

ఇంతకూ డబ్బు పెడితే ఫలితం ఉంటుందా? ఉంటుందని చూపించిన పనులు ఉన్నాయి. 1999లో అచ్చయిన ఒక అధ్యయనం చూడండి. బోస్టన్‌లో ఒక ఐసీయూలో డాక్టర్లు ఉదయం రౌండ్లకు వెళ్ళేటప్పుడు ఒక ఫార్మసిస్టును కూడా వెంట పెట్టారు. అంతే, కొత్త యంత్రం ఏదీ కొనలేదు. మందు రాసే దశలో జరిగే, నివారించగలిగిన హాని మూడింట రెండు వంతులు తగ్గింది. ఫార్మసిస్టు తన గదిలో కూర్చుని చీటీ అందాక తప్పు పట్టుకోవడం వేరు, డాక్టరు చేయి కాగితం మీద ఉండగానే ‘ఈ మోతాదు ఎక్కువ కదండీ’ అనడం వేరు.

మిషిగన్ రాష్ట్రంలో జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పీటర్ ప్రోనోవోస్ట్ అనే డాక్టరు బృందం వందకు పైగా ఐసీయూల్లో, పెద్ద రక్తనాళాల్లోకి వేసే గొట్టాల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ల మీద పని చేసింది. డాక్టర్లు చేయాల్సినవి అయిదే: చేతులు కడుక్కోవడం, రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డతో కప్పడం, క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్‌ మందుతో చర్మం తుడవడం, వీలైతే తొడ దగ్గర గొట్టం వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. ఇవి తెలియని డాక్టరు ఎవరూ లేరు. మరి మార్పు ఎక్కడొచ్చింది? కావలసిన సామాను అంతా ఒకే బండిలో సర్ది పెట్టారు. అంతకుముందు గుడ్డ ఒక బీరువాలో, మందు ఇంకో గదిలో ఉంటే తొందరలో ఉన్నవాళ్ళు ఏదో ఒకటి వదిలేసేవాళ్ళు. డాక్టరు ఏ మెట్టు దాటేసినా నర్సు ఆపవచ్చన్నారు, ఆ మాటకు యాజమాన్యం అండగా నిలిచింది. ఇన్ఫెక్షన్లు ఎన్నో లెక్కపెట్టి ఎప్పటికప్పుడు వార్డుకే చూపించారు. రోగుల ఒంట్లో గొట్టం ఉన్న ప్రతి వెయ్యి రోజులకు 2.7 ఇన్ఫెక్షన్లుగా ఉన్న మధ్యస్థ రేటు (ఐసీయూలన్నిటినీ వరుసలో పెడితే నడుమ వచ్చే అంకె) మూడు నెలల్లో సున్నాకు దిగింది, 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. దీని వెనుక ప్రభుత్వ పరిశోధన నిధులున్నాయి. ఆ బండి, ఆ అధికారం, ఆ లెక్క లేకుండా అయిదు మెట్లు కాగితం మీద అచ్చువేసి గోడకు అంటిస్తే ఏమయ్యేదో ఊహించగలం.

ఊహించనక్కర్లేదు కూడా, చూశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. ఎనిమిది నగరాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో జాగ్రత్తగా నేర్పి అమలు చేస్తే, పెద్ద సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ తర్వాత కెనడాలోని ఒంటారియోలో చెక్‌లిస్టు వాడకాన్ని ఆసుపత్రులు బహిరంగంగా నివేదించాలన్నారు. 2014లో 101 ఆసుపత్రుల లెక్కలు తీస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే కాగితం. ఆదేశం ఇచ్చి వదిలేస్తే గళ్ళలో టిక్కులు పడతాయి. ఆ పనికి మనుషుల్నీ సమయాన్నీ కేటాయిస్తేనే థియేటర్లో నలుగురూ ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నిధుల కోసం ఎక్కడ మాట్లాడినా ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టి చెప్పండి. రోగి భద్రత మీద ఖర్చంటే పుస్తకాలు అచ్చువేయడమని అనుకునే అధికారులకు ఇది అర్థమవ్వాలి.

ప్రభుత్వాన్ని అడగడం మీలాంటి వాళ్ళ పనేనా అన్నారు. మీలాంటి వాళ్ళు కాకపోతే ఎవరు? ఆసుపత్రి లెక్కల పుస్తకంలో ఫార్మసిస్టు జీతం ఖర్చుగా కనబడుతుంది. ఆ ఫార్మసిస్టు వల్ల జరగకుండా పోయిన ప్రమాదం ఎక్కడా రాయబడదు. జరిగిన ప్రమాదం ఖర్చు కూడా చాలావరకు రోగి ఇంటి మీదే పడుతుంది, మీకు తెలుసు. అందుకే ఈ పని ఆసుపత్రుల మంచితనానికి వదిలేయలేం, ప్రజాధనం రావాలి. దానికి లెక్కలు కూడా మీవైపే ఉన్నాయి. ధనిక దేశాల ఆర్థిక సంస్థ ఓఈసీడీ 2017లో వేసిన అంచనా ప్రకారం, తన సభ్య దేశాల ఆసుపత్రుల ఖర్చులో దాదాపు 15 శాతం భద్రత లోపాల వల్ల కలిగిన హానికి వైద్యం చేయడానికే పోతోంది. మందుల పొరపాట్ల నష్టం ఒక్కటే ఏటా 4,200 కోట్ల డాలర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అమెరికాలో 1999 చివర్లో వైద్య పొరపాట్ల మీద ఒక జాతీయ నివేదిక రావడం, దేశమంతా గగ్గోలు పుట్టడం, 2001 ఆర్థిక సంవత్సరానికి అక్కడి చట్టసభ ఒక్క రోగి భద్రత పరిశోధనకే 5 కోట్ల డాలర్లు కేటాయించడం వెంటవెంటనే జరిగాయి. జనం అడిగితే వచ్చిన డబ్బది.

అడిగేటప్పుడు ‘రోగి భద్రతకు నిధులివ్వండి’ అని గాలిలో అడగకండి. ఇంటికి పంపే ముందు మందులు సరిచూసే ఫార్మసిస్టు పోస్టులు ఎన్నో అడగండి. పొరపాట్ల నివేదికలు చదివి జవాబు రాసే వాళ్ళకు జీతాలు అడగండి. చదివేవాళ్ళు లేని ఫిర్యాదుల పెట్టె ఉన్నా లేనట్టే. నర్సుల సంఖ్య అడగండి. 2002లో పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పడిన కొద్దీ, ఆపరేషన్ అయినవాళ్ళు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. ఆ అమ్మాయి ఆ రోజు ఎంతమందికి మందులు వివరిస్తోందో మనకు తెలియదు, కానీ అడగాల్సిన ప్రశ్న అది.

మామూలు కుటుంబాలు ఏం సాధించాయో కూడా చెబుతాను, మీకు బలం వస్తుంది. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో జోసీ కింగ్ అనే ఏడాదిన్నర పాప చనిపోయింది. వేడినీళ్ళ గాయాలు మానుతుండగా ఒంట్లో నీరు తగ్గిపోయి, ఇవ్వకూడని మత్తు మందు ఇవ్వడంతో పోయింది. పాప దాహంతో అల్లాడుతోందని తల్లి చెబుతూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. పరిహారంగా వచ్చిన డబ్బులో కొంత ఆ తల్లిదండ్రులు అదే ఆసుపత్రికి, రోగి భద్రత కార్యక్రమం కోసం ఇచ్చారు. ఆ కథ విన్న పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రి 2005లో, రోగి పరిస్థితి దిగజారుతోందనిపిస్తే ఇంటివాళ్ళే నేరుగా అత్యవసర బృందాన్ని పిలిచే ఏర్పాటు చేసింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, 2007లో చనిపోయిన చిన్న పిల్లాడు ర్యాన్ పేరు మీద అలాంటి నియమమే తెచ్చింది. ఇంగ్లండ్‌లో 2021లో ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా ముదిరే సెప్సిస్‌తో పోయిన పదమూడేళ్ళ మార్తా మిల్స్ తల్లిదండ్రులు పట్టువదలకుండా మాట్లాడితే, 2024లో ‘మార్తా నియమం’ పేరుతో మొదటి విడతగా 143 ఆసుపత్రుల్లో ఈ ఏర్పాటు మొదలైంది. ఈ తల్లిదండ్రులంతా అడిగింది ఒకటే: మేము చెప్పినప్పుడు వినే మనిషి, ఆ మనిషిని పిలిచే నంబరు.

ఇక అవగాహన. మానేయమని నేను అనడం లేదు, వెడల్పు తగ్గించి లోతు పెంచమంటున్నాను. ‘వైద్య తప్పిదాలపై అవగాహన’ అని సభ పెడితే నలుగురు వస్తారు, భయపడి వెళ్ళిపోతారు. ముఖ్యంగా ‘ఏటా ఇన్ని లక్షల మంది చనిపోతున్నారు’ అనే అంకెను కరపత్రం మీద పెద్దక్షరాలతో వేయకండి. 1999 నాటి ఆ అమెరికా నివేదికలోని 44,000 నుంచి 98,000 మరణాలనే లెక్క రెండు అధ్యయనాల నుంచి దేశమంతటికీ పెంచి కట్టింది. ఆ తర్వాత వచ్చిన ఇంకా పెద్ద అంకెల మీద పండితుల్లోనే గొడవ తెగలేదు. అలాంటి అంకె చూసిన మనిషి గుండెనొప్పి వచ్చినా ఆసుపత్రికి వెళ్ళడానికి జంకితే, ఆ పాపం ఎవరిది? తప్పక చెప్పాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది చెప్పండి: వైద్యం పొందే ప్రతి పదిమందిలో ఒకరికి ఏదో ఒక హాని జరుగుతోంది, అందులో సగానికి పైగా ఆపగలిగిందే. ‘ఆపగలిగిందే’ అన్న మాట ముందు రావాలి.

మీకు బాగా తెలిసిన మందుతోనే మొదలుపెట్టండి. వారానికి ఒకసారి మాత్ర వేసుకునేవాళ్ళు కీళ్ళ డాక్టర్ల ఓపీ దగ్గర, చర్మ వ్యాధుల ఓపీ దగ్గర కూర్చుని ఉంటారు. సోరియాసిస్‌కూ ఇదే మందు రాస్తారు. వాళ్ళకు చిన్న కార్డు ఇవ్వండి: మందు పేరు, వారంలో ఏ రోజు, ఎన్ని మిల్లీగ్రాములు, ‘రోజూ వేసుకోకూడదు’ అన్న మాట, నోటిపూత, జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడితే వెంటనే ఎవరిని కలవాలో. దీని దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ అనే వేరే మాత్ర కూడా చాలామందికి రాస్తారు. చాలాసార్లు రెండూ పసుపుపచ్చగా, చిన్నగా ఉండి ఒకదాని బదులు ఒకటి వేసుకునే ప్రమాదం ఉంది కాబట్టి, దేని రోజు దానిదని విడివిడిగా రాయించండి. ఆసుపత్రిలో చేరినా, కొత్త డాక్టరును కలిసినా ముందు కార్డు చూపించమనండి.

అడగడం నేర్పేటప్పుడు ఒక మెట్టు పైకి వెళ్ళండి. మీ అమ్మగారిలా ప్రశ్న అడిగి, ‘రాసినట్టు వేసుకోండి’ అనిపించుకున్నవాళ్ళు ఆ తర్వాత ఏం చేయాలి? అక్కడ చెప్పాల్సిన మాట ఇది: ‘ఇది రాసిన డాక్టరు గారినో ఫార్మసిస్టునో అడిగి చెప్పేవరకు నేను ఇక్కడే ఉంటానమ్మా.’ ఈ మాట మర్యాదగానే ఉంది, గొడవ కాదు. దీన్ని సభలో నోటితో పలికించండి. మొదట సిగ్గుపడతారు, రెండోసారికి గొంతు వస్తుంది. అటువైపు నర్సులకూ ఫార్మసిస్టులకూ ఇంకొక అలవాటు నేర్పాలి: ‘అర్థమైందా?’ అని అడగడం మానేయాలి. ఆ ప్రశ్నకు ఎవరైనా తలే ఊపుతారు. ‘ఇంటికెళ్ళాక ఈ మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకుంటారో నాకు చెప్పండమ్మా’ అనాలి. ఆ రోజు ఆ అమ్మాయి ఇలా అడిగి ఉంటే మీ అమ్మగారు ‘ఆదివారం’ అనేవారు, కాగితానికీ ఆ మాటకూ తేడా అక్కడికక్కడే బయటపడేది.

అన్నిటికంటే ముఖ్యంగా, ఏ సభలోనూ ‘మీ భద్రత మీ చేతుల్లోనే’ అని చెప్పకండి. స్పృహలేని రోగి అడగలేడు. చదువు రాని ముసలాయన కాగితం చదవలేడు. నొప్పితో మూలుగుతున్న మనిషికి లెక్కలు గుర్తుండవు. రోగి అడగడం అదనపు కాపలా మాత్రమే. అసలు కాపలా పెట్టాల్సింది ఆసుపత్రే.

డబ్బు విషయం సూటిగా చెబుతాను. మీరు పోగుచేసింది ఎంతైనా, కార్డుల అచ్చుకు అందులో చిన్న భాగం చాలు. మిగతాది ఒక ఆసుపత్రిలో, వీలైతే మీ అమ్మగారికి ఇది జరిగిన చోటే, ఇంటికి వెళ్ళేవాళ్ళ మందులు సరిచూసే ఫార్మసిస్టుకు కొంతకాలం జీతం ఇవ్వడానికి వాడండి. షరతులు రాసుకోండి. పట్టుకున్న ప్రతి తేడానూ పేర్లు లేకుండా రాసిపెట్టాలి, ఆ లెక్క మీకూ ఇవ్వాలి, గడువు తీరాక ఆ పోస్టును ఆసుపత్రి తన ఖర్చుతో కొనసాగించే సంగతి ముందే తేల్చాలి. ఆ లెక్క మీ చేతికి వచ్చాక నిధుల కోసం ఆరోగ్య శాఖ తలుపు తట్టినప్పుడు మీ మాట బరువే వేరుగా ఉంటుంది. ఆసుపత్రి ఒప్పుకోకపోతే ఇంకో ఆసుపత్రిని అడగండి. ఏటా సెప్టెంబరు 17న ప్రపంచ రోగి భద్రతా దినం జరుపుతారు. ఆ రోజు అధికారులూ పత్రికలూ ఈ విషయం మీద చెవి పెడతారు కాబట్టి మీ విన్నపం ఇవ్వడానికి అది మంచి రోజు. నాన్నగారు వదిలేయమన్నది భయంతోనే అయి ఉంటుంది, ఈ పని కొట్లాట కాదని చూస్తే ఆయన కూడా మీ వెంట వస్తారనిపిస్తోంది.

మీ అమ్మగారి భయం తీసేయాల్సిన భయం కాదు, తోడు నిలవాల్సిన భయం. తనంతట తాను ఏ మందూ ఆపకుండా చూడండి. కీళ్ళ మందు మళ్ళీ మొదలుపెట్టాలా, వేరేది వాడాలా అన్నది ఆమె రక్తపరీక్షలు చూసి కీళ్ళ డాక్టరే చెప్పాలి. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పాతవీ కొత్తవీ, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ఒక్కొక్కటి బల్ల మీద పెట్టి దేనికో, ఎప్పుడో మీ అమ్మగారి చేతే చెప్పించండి, అక్కర్లేనివి అక్కడే పక్కన పెట్టించండి. ఆ మందుల పట్టీ ఆమె చేతిరాతలోనే ఉండనివ్వండి. కార్డు నమూనా తయారయ్యాక అచ్చుకు ఇచ్చే ముందు ఒక ఫార్మసిస్టుకు చూపించండి, ఆ తర్వాత మీ అమ్మగారికి కలం ఇచ్చి నింపమనండి. వారంలో ఏ రోజో రాసే గడి, వేళ్ళు వంకరపోయిన చేతులతో కూడా రాయగలిగేంత పెద్దదిగా ఉండాలి.